'ఓకే, టీసీ' – పొట్టి మెసేజీల భాష, పెద్దల బాధ్యత



ఈ సంచికకు పిల్లలు, సెల్‌ఫోన్ల గురించి ఏమైనా రాయమని కార్యదర్శి గారు అడిగారు. ఫోన్ల వల్ల పిల్లల భాష పాడైపోతోందని నాలుగు పేజీలు రాయడం నాకు కష్టమేమీ కాదు. బీఎడ్ చదివి దాదాపు ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నదాన్ని. స్టాఫ్‌రూములో ఆ మాట నేనూ ఎన్నోసార్లు అన్నాను. కానీ కొంతకాలం క్రితం జరిగిన ఒక సంగతి తర్వాత, పిల్లల మెసేజీల కంటే ముందు మన మెసేజీలు చూసుకోవాలనిపించింది. అందుకే దానితోనే మొదలుపెడతాను.

పదో తరగతి అమ్మాయి. తండ్రి లేడు. తల్లి ఇంట్లో బీడీలు చుడుతుంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తల్లిదే. ఒక సోమవారం పొద్దున ఆ ఫోన్ నుంచి నాకు వాట్సాప్‌లో మెసేజీ వచ్చింది. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో: "టీచర్, కె-ఎ-ఎల్-ఎల్-యు నొప్పి, 2 డేస్ రాను, ఎస్-ఆర్-వై." చివరి మూడక్షరాలు 'సారీ'కి పొట్టి రూపం. ఆ రోజుల్లో ఊళ్ళో కళ్ళకలక తిరుగుతోంది. కళ్ళు నొప్పి కాబోలు అనుకున్నాను. అప్పటికే బెల్లు కొట్టేశారు. నడుస్తూనే "ఓకే, టీసీ" అని కొట్టి క్లాసుకు వెళ్ళిపోయాను. టీసీ అంటే 'టేక్ కేర్', జాగ్రత్తగా ఉండు అని. హైదరాబాదులో చదువుకుంటున్న మా అమ్మాయి నాకు రోజూ అలాగే పంపుతుంది. ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

రెండు రోజులు పది రోజులయ్యాయి. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మాయి కళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. నొప్పి కాళ్ళకు. షేర్ ఆటోకు నెలనెలా ఇవ్వాల్సిన డబ్బు కట్టలేక బడికి నాలుగు కిలోమీటర్లు, మళ్ళీ ఇంటికి నాలుగు కిలోమీటర్లు నడిచింది. మడమలు పగిలి, పాదాలు వాచాయి. "తగ్గాకైనా పంపలేదేమ్మా?" అని అడిగితే తల్లి తలుపు పక్కనే నిలబడి మెల్లగా అంది: "మీరే కదా టీచరమ్మా, టీసీ తీసుకోమన్నారు."

బడితో పని పడిన ప్రతి తల్లికీ టీసీ అంటే ఒకటే, ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్. ఆ నెలలో అప్పటికే నాలుగైదు రోజులు మానేసింది కాబట్టి పిల్లను బడి నుంచి పంపేస్తున్నారని ఆమె అనుకుంది. వచ్చి అడగడానికి మొహం చెల్లలేదు. కూతురికి కూడా చెప్పలేదు. ఎక్కడైనా పనిలో పెడదామని ఇద్దరు ముగ్గురిని వాకబు చేస్తోంది. నేను కొట్టినవి నాలుగే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. వాటితో ఒక పిల్ల చదువు దాదాపు ఆగిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ పొట్టి భాష ఎక్కడ పుట్టింది, ఎవరి మధ్య పనికొస్తుంది, ఎక్కడ గాయం చేస్తుంది అని తెలుసుకోవడం మొదలుపెట్టాను. తెలిసిన నాలుగు సంగతులు మీ ముందు పెడుతున్నాను.

పొట్టి మాటలు కొత్తవి కావు

మాటలను కుదించడం సెల్‌ఫోన్ పిల్లలు కనిపెట్టిన విద్య కాదు. మన తాతల కాలం ఉత్తరాలు చూడండి. పైన 'మ.రా.రా.శ్రీ' అని ఉంటుంది. మహారాజ రాజశ్రీ అన్నమాట. పెళ్ళి పత్రికల్లో 'చి.ల.సౌ.' ఉంటుంది, గోడ మీది పటాల కింద 'కీ.శే.' ఉంటుంది. టెలిగ్రాంకు మాట లెక్కన డబ్బు కట్టాలి కాబట్టి క్రియలూ విభక్తులూ అన్నీ ఎగిరిపోయేవి. శుభాకాంక్షల టెలిగ్రాములకైతే నంబర్లే ఉండేవి. నంబరు వేస్తే అవతల పూర్తి వాక్యం అచ్చయి చేరేది. ఆ టెలిగ్రాం సర్వీసు మన దేశంలో 2013 జులైలో ఆగిపోయింది.

ఇక మన ఇళ్ళల్లో 786 తెలియనివారు ఎవరు? బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్ అన్న అక్షరాలకు అబ్జద్ లెక్క ప్రకారం విలువలు వేసి కూడితే వచ్చే సంఖ్య అది. ఉత్తరం ఏ చెత్తలోనో, ఎవరి కాలి కిందో పడితే పవిత్ర నామానికి అమర్యాద జరుగుతుందని, అక్షరాలకు బదులు అంకె వేసేవారు. అంకె బిస్మిల్లాకు సాటి రాదని కాదనే పండితులూ ఉన్నారు. ఆ చర్చలోకి నేను వెళ్ళను. కానీ ఒక సంగతి గమనించండి. అక్కడ మాటను కుదించింది బద్ధకంతో కాదు, అదబుతో. తెలుగు ధార్మిక పుస్తకాల్లో ప్రవక్త పేరు పక్కన బ్రాకెట్లో 'స' అని వేయడం కూడా ఇలాంటిదే. చదివేవాడు దాన్ని చూసి దరూద్ మొత్తం పలుకుతాడన్న నమ్మకం మీద వేస్తారు. అసలు దరూద్‌నే కుదించకూడదన్న పెద్దలూ ఉన్నారు.

అంటే పొట్టి రూపం పనిచేయాలంటే పూర్తి రూపం అవతలివాళ్ళకు తెలిసి ఉండాలి. 'మ.రా.రా.శ్రీ' చదివినవాడికి అది తెలుసు. నా టీసీ చదివిన తల్లికి తెలియదు.

నూట అరవై అక్షరాల గది

ఫోన్ మెసేజీ పొట్టిగా పుట్టడానికి ఒక సాంకేతిక కారణం ఉంది. 1985 ప్రాంతంలో జర్మనీలో ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే ఇంజనీరు, మనుషులు ఒకసారికి ఎంత రాస్తారో చూద్దామని టైపు మిషను ముందు కూర్చుని రకరకాల వాక్యాలు కొట్టి లెక్కపెట్టారట. దాదాపు అన్నీ 160 అక్షరాల లోపే ముగిశాయి. పోస్టుకార్డులు, టెలెక్స్ సందేశాలు చూసినా అంతే. ఆ హద్దే నిలిచిపోయింది. 1992 డిసెంబరు 3న నీల్ పాప్‌వర్త్ అనే యువ ఇంజనీరు బ్రిటన్‌లో కంప్యూటర్ నుంచి ఒక ఫోనుకు క్రిస్మస్ శుభాకాంక్ష పంపారు. తొలి ఎస్సెమ్మెస్ అదే.

ఒక ఎస్సెమ్మెస్‌లో ఉండే చోటు 140 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఏడు బిట్లు చాలు కాబట్టి 160 పడతాయి. తెలుగుకైతే ఒక్కో గుర్తుకు పదహారు బిట్లు కావాలి. అందువల్ల పట్టేవి 70 మాత్రమే. పైగా మనకు ఒక అక్షరంగా కనిపించేది ఫోనుకు ఒకటి కాదు. 'స్త్రీ' అని రాస్తే మనకు ఒకే అక్షరం. ఫోను దాన్ని ఆరు గుర్తులుగా లెక్కపెడుతుంది. 'అస్సలాము అలైకుమ్' అని తెలుగులో రాస్తే పదహారు గుర్తులు. డెబ్బైలో దాదాపు పావు వంతు సలాంకే అయిపోతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా పదహారే, కానీ అక్కడ అది పదో వంతు. అప్పటి చాలా ఫోన్లలో తెలుగు అక్షరాలు డబ్బాల్లా కనిపించేవి కూడా. అంకెల మీటలున్న ఫోన్లో 'ఎస్' అక్షరం రావాలంటే ఏడో నంబరు మీటను నాలుగుసార్లు నొక్కాలి. ఇన్ని ఇబ్బందుల మధ్య తెలుగువాళ్ళు తెలుగును, మనవాళ్ళు ఉర్దూను కూడా ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి అలవాటు పడ్డారు. అప్పటి కుర్రాళ్ళకు భాష మీద ప్రేమ లేక కాదు.

డబ్బు సంగతి కూడా ఉంది. మెసేజీకి ఇంత అని ఛార్జీ. మెసేజీల ప్యాకు వేసుకున్నా పండుగ రోజుల్లో అది పనిచేసేది కాదు. రంజాన్, దీపావళి, కొత్త సంవత్సరం రోజున పూర్తి రేటే. అందుకని ముందురోజు రాత్రే ముబారక్‌లు చెప్పేసేవాళ్ళం. ప్రకటనల మెసేజీల బెడద భరించలేక 2011లో ట్రాయ్ రోజుకు ఒక సిమ్ నుంచి వంద మెసేజీలే అని హద్దు పెట్టి, తర్వాత దాన్ని రెండువందలకు పెంచింది. అసలు పైసా ఖర్చు లేని మెసేజీ మాత్రం మిస్డ్ కాల్. ఒక రింగు ఇస్తే బయలుదేరాను, రెండు ఇస్తే చేరాను. ఆ ఒప్పందం ఏ ఇంటికి ఆ ఇంటిది. ఇప్పుడు వాట్సాప్‌లో అక్షరాల లెక్క లేదు, ఛార్జీ లేదు, తెలుగు కీబోర్డు ప్రతి ఫోనులోనూ ఉంది. కారణం పోయింది, అలవాటు మిగిలింది.

ఒక కె, రెండు కెలు

మా అమ్మాయి నాకు చెప్పిన పాఠాలు కొన్ని ఇక్కడ రాస్తాను. పిల్లలతో మాట్లాడే పెద్దలకు ఉపయోగపడతాయి.

'ఓకే' అన్నది మామూలు మాట. 'కె' అని ఒక్క అక్షరమే పంపితే విసుక్కున్నట్టు. రెండు కెలు పంపితే సరేలే, సంతోషమే అని. 'హ్మ్' అని వస్తే ఇక ఆపు అని అర్థం. ఎల్-ఓ-ఎల్ అంటే గట్టిగా నవ్వడం. ప్రేమతో అని కాదు. ఇందులో పొరపడింది మనమే కాదు. 2012లో బ్రిటన్‌లో పత్రికల తీరుపై జరిగిన లెవిసన్ విచారణలో, అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్ 'బోలెడు ప్రేమతో' అనుకుని మెసేజీల చివర ఎల్-ఓ-ఎల్ అని పెట్టేవారని రెబెకా బ్రూక్స్ అనే పత్రికా సంపాదకురాలు సాక్ష్యం చెప్పారు.

వాక్యం చివర చుక్క పెట్టడం కూడా పిల్లలకు కోపంలా కనిపిస్తుందట. ముప్పై ఏళ్ళు చుక్క పెట్టలేదని మార్కులు తగ్గించిన నాకు ఇది మింగుడు పడలేదు. కానీ అమెరికాలో బింగ్‌హామ్టన్ విశ్వవిద్యాలయంవారు 2015లో ప్రచురించిన అధ్యయనంలో అదే తేలింది. చుక్కతో ముగిసిన ఫోన్ జవాబులు విద్యార్థులకు తక్కువ మనస్ఫూర్తిగా ఉన్నవిగా అనిపించాయి. అవే మాటలు కాగితం మీద చేత్తో రాసి ఇస్తే అలా అనిపించలేదు.

మన పిల్లల గ్రూపులో ఒకే వాక్యంలో మూడు భాషలు ఉంటాయి. 'హౌ రా', 'నక్కో' అని దక్కనీ, 'లైట్ తీస్కో' అని తెలుగు, మధ్యలో 'బ్రో'. వాళ్ళలో వాళ్ళకు అది చనువు, సరదా. దాన్ని చూసి నేనిప్పుడు కంగారు పడటం లేదు. ఇంగ్లండులో కోవెంట్రీ విశ్వవిద్యాలయంవారు పది, పన్నెండేళ్ళ పిల్లల్ని పరిశీలిస్తే, మెసేజీల్లో పొట్టి రూపాలు ఎక్కువ వాడిన పిల్లలు చదవడంలో వెనకబడి లేరు, ఇంకా కాస్త ముందే ఉన్నారు. మాటను ఎక్కడ కోస్తే అర్థం నిలుస్తుందో తెలియాలంటే శబ్దం మీద పట్టు ఉండాలి కదా.

అయితే ఆ పరిశీలన ఇంగ్లీషును ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పిల్లల మీద జరిగింది. మన పిల్లల ఇబ్బంది వేరు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే దీర్ఘాలు పోతాయి, ళ-లల తేడా పోతుంది. కళ్ళు, కాళ్ళు, కల్లు మూడూ ఒకేలా ఉంటాయి. 'పేద' అని చదవాలో 'పెద' అని చదవాలో తెలియదు. సాయం అడిగేవాళ్ళ మెసేజీలో ఆ తేడా ఎంత ముఖ్యమో మీకు నేను చెప్పనక్కర్లేదు.

బొమ్మల భాష

మాటల లోటు తీర్చడానికి బొమ్మలు వచ్చాయి. 1999లో జపాన్‌లో షిగెతాకా కురితా ఒక ఫోన్ కంపెనీ కోసం 176 చిన్న బొమ్మలు గీశారు. ఇవాళ అవి వేలల్లో ఉన్నాయి. వీటిలో ఒకటి మన ఆడపిల్లలు గర్వంగా వాడుకునేది, తలకు హిజాబ్ ఉన్న అమ్మాయి బొమ్మ. 2016లో బెర్లిన్‌లో ఉంటున్న పదిహేనేళ్ళ సౌదీ అమ్మాయి రయూఫ్ అల్‌హుమైదీ, స్నేహితుల వాట్సాప్ గ్రూపులో తలా ఒక బొమ్మ పెట్టుకుంటుంటే తనలా ఉన్నది ఒక్కటీ దొరక్క, యూనికోడ్ సంస్థకు ప్రతిపాదన రాసింది. 2017లో ఆ బొమ్మ ఫోన్లలోకి వచ్చింది. దుఆకు చాచిన రెండు అరచేతుల బొమ్మ కూడా ఆ ఏడాదిదే. బొమ్మల గురించి మన పిల్లలకు చెప్పదగిన కథ ఇది.

కానీ బొమ్మ అందరికీ ఒకే అర్థం ఇవ్వదు. మొహల్లా గ్రూపులో ఒకరి ఇంతెఖాల్ వార్త, జనాజా నమాజు సమయం పెడతారు. కింద వరసగా బొటనవేళ్ళు వచ్చిపడతాయి. పెట్టినవాళ్ళ ఉద్దేశం 'చూశాను, వస్తాను' అని. కొడుకును పోగొట్టుకున్న తండ్రికి అది 'భేష్' అన్నట్టు కనిపిస్తే తప్పు ఎవరిది? కొందరు ఎదుటివారు రాసినదే కాపీ చేసి అతికిస్తారు. వరసలో ముప్పై మంది ఒకే వాక్యం. పక్క వీధిలో ఇల్లు ఉండి కూడా గడప తొక్కరు.

సలాం సంగతీ అంతే. ఎవరైనా సలాం చేస్తే అంతకన్నా మేలైన రీతిలో గానీ, కనీసం అదే రీతిలో గానీ జవాబు ఇవ్వాలని సూరె నిసా మనకు నేర్పుతుంది. పూర్తి సలాం రాసిన పెద్దాయనకు మూడు ఇంగ్లీషు అక్షరాలు జవాబిస్తే అది ఏ లెక్కలోకి వస్తుందో మనమే ఆలోచించుకోవాలి.

ఇచ్చేవారు, అడిగేవారు

ఇప్పుడు దాతలైన మీతో నేరుగా ఒక మాట. పొట్టి భాష సమానుల భాష. ఇద్దరు స్నేహితుల మధ్య 'కె' అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. తెలియకపోతే 'ఏరా, కోపమా?' అని అడిగేస్తారు. టీచరును తల్లి అలా అడగలేదు. ఫీజు కోసం దరఖాస్తు పెట్టిన కుటుంబం దాతను అడగలేదు. అర్థం కాకపోయినా ఊరుకుంటారు, తమకు తోచిన చెడ్డ అర్థమే తీసుకుంటారు.

వాట్సాప్‌లో నీలం టిక్కులు 2014 నవంబరులో వచ్చాయి. స్నేహితుల మధ్య అవి అలకలకు కారణం, అంతే. సాయం అడిగిన ఇంట్లో ఆ రెండు నీలం గీతలను రాత్రీ పగలూ చూస్తారు. చదివారు, జవాబు ఇవ్వలేదు, అంటే కాదన్నట్టేనా? ఒక తల్లి తన ఫోన్ నాకు చూపించి అడిగింది: "ఈ బొటనవేలు పెట్టారు టీచరమ్మా. ఇస్తామనా, చూశామనా?" నాకూ తెలియలేదు.

ఇంకొకటి. సాయం పొందిన పిల్లల పేర్లు, ఫోటోలు గ్రూపుల్లో పెట్టడం. మంచి ఉద్దేశంతోనే పెడతారు, లెక్క చూపాలి కదా. కానీ గ్రూపులో పెట్టింది గ్రూపులో ఆగదు. పిల్లలను ఎత్తుకుపోతున్నారన్న పుకార్లతో మన దేశంలో అమాయకుల ప్రాణాలు పోయాక, 2018లో వాట్సాప్ ఇక్కడ ఒకసారికి ఐదు చోట్లకే ఫార్వార్డ్ అని హద్దు పెట్టింది. ఐదు చోట్లకైనా చాలు, సాయంత్రానికి క్లాసులో పిల్లలందరి దగ్గరా ఉంటుంది. యూనిఫారం అందుకుంటున్న ఫోటోను తోటిపిల్లలు స్టేటస్ పెట్టి నవ్వితే, ఆ యూనిఫారం వేసుకుని బడికి రావడం ఎంత కష్టమో నేను తరగతి గదిలో చూశాను. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్న బోధ మనకుంది. స్టేటస్‌కు కూడా తెలియకపోతే మంచిది.

అందుకని నా మనవి ఇది. సాయం అడిగిన వారికి పూర్తి వాక్యంలో జవాబు ఇవ్వండి. వీలైతే తెలుగు లిపిలోనో, వాళ్ళు చదవగలిగిన భాషలోనో. చదవలేని వారికి వాయిస్ మెసేజీ పెట్టండి. కాదనాల్సి వస్తే కాదనే చెప్పండి, నీలం టిక్కుతో వదిలేయకండి. ఇస్తామంటే ఎప్పుడు, ఎవరి దగ్గరికి రావాలో రాయండి. వాళ్ళ మెసేజీ అర్థం కాకపోతే ఊహించకుండా ఫోన్ చేసి అడగండి. లెక్కలు చూపడానికి ఎంతమందికి, ఎంత అన్న అంకెలు చాలు. మొహాలు అక్కర్లేదు. ఇందులో దేనికీ డబ్బు ఖర్చు కాదు. ఒక నిమిషం పడుతుంది.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. మరుసటి రోజే బడికి వచ్చింది. మన సొసైటీ ద్వారా ఆటో ఖర్చు సర్దుబాటు అయింది. పదో తరగతి పాసై ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. మొన్న కాలేజీ నుంచి మెసేజీ పెట్టింది, ఈసారి తెలుగు లిపిలో, దీర్ఘం తప్పకుండా: "టీచర్, కాళ్ళు బాగున్నాయి. అమ్మీ మీకు సలాం చెప్పమంది." నేను కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, వఅలైకుమ్ అస్సలాం నుంచి చివరి చుక్క దాకా పూర్తిగా జవాబు రాశాను. చుక్క చూసి కోపం అనుకోదులెమ్మని ధైర్యం.